ఎదురు దారిలో ఎర్ర చుక్కలు

రాంగ్ రూట్‌లో వచ్చిన బండి నిండు ప్రాణం తీసిందన్న వార్త పేపర్లో పడిన రోజున టీ కొట్టు దగ్గర ఒక మాట తప్పక వినబడుతుంది. "ఆ మూల మీద రోడ్డుకి అడ్డంగా మేకులు పాతేస్తే సరి. సరైన దిక్కున వచ్చేవాడికి ఒరిగిపోతాయి, ఎదురొచ్చేవాడి టైరు చీరేస్తాయి. మళ్లీ వస్తాడా?" వినడానికి ముచ్చటగానే ఉంటుంది. 2018లో పుణెలో ఒక టౌన్‌షిప్ దారిలో అలాంటివి బిగిస్తే ఆ వీడియో దేశమంతా ఫోన్లలో తిరిగింది.

ఆ ముచ్చట కాలిఫోర్నియా రోడ్ల ఇంజనీర్లు 1960లలోనే తీర్చుకున్నారు. పార్కింగు స్థలాల్లో వాడే మేకులను తెచ్చి, ఆకారం మార్చి మార్చి పరీక్షించారు. టైరు చిరిగింది గానీ గాలి వెంటనే దిగలేదు. బండి ఆ ఊపులోనే హైవే ఎక్కేసేలా ఉంది. పైగా బండ్ల రద్దీకి మేకులు విరిగి, మిగిలిన మొండి ముక్కలు సరైన దిక్కున వచ్చేవాళ్ల టైర్లనే కోయడం మొదలుపెట్టాయి. అన్నిటికంటే విచిత్రం ఇంకొకటి. పద్ధతిగా వచ్చే డ్రైవర్లలో కొందరు ఎదురుగా మేకులు చూసి బెదిరి బ్రేకు తొక్కారు. ఎదురొచ్చేవాణ్ని ఆపబోయి వెనకొచ్చేవాడితో గుద్దించుకునే ఏర్పాటన్నమాట. మేకుల్ని పక్కన పెట్టేశారు. చేతిలో మిగిలినవి ముఖ్యంగా రెండు: రేకు బోర్డు, రోడ్డు మీది రంగు. ఈ రెండిటితో ఏం చేయవచ్చో అరవై ఏళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నారు.

ముందు జబ్బు సంగతి చూద్దాం. అమెరికా ఫ్రీవేలో రెండు దిక్కుల రోడ్లకు నడుమ డివైడరు ఉంటుంది. ఎక్కడానికి ఒక ర్యాంపు, దిగడానికి ఒక ర్యాంపు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుదీ అదే జాతి. అలాంటి రోడ్డు మీద ఎదురొచ్చే బండ్లు ఎక్కువగా దిగే ర్యాంపును ఎక్కే ర్యాంపనుకుని దూరినవే. 2012లో అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు దీని మీద ప్రత్యేక నివేదిక వెలువరించింది. ఇలాంటి ప్రమాదాల్లో ఏటా సగటున 360 మంది చనిపోతున్నారని అందులో లెక్క కట్టింది. తప్పుదారి పట్టిన డ్రైవర్లలో సగానికి పైగా తాగి ఉన్నవాళ్లు. ప్రమాదాల్లో ఎక్కువ భాగం రాత్రి వేళవి. డెబ్బై దాటినవాళ్ల వాటా కూడా ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ కనబడింది.

గుద్దుకోవడం ఎక్కువగా డివైడరు పక్క లేన్‌లోనే జరుగుతోందని కూడా ఆ నివేదిక చెప్పింది. దారి తప్పినవాడు తాను తప్పానని అనుకోడు కదా. అమెరికాలో కుడివైపు నడపాలి కాబట్టి, అలవాటు చొప్పున కుడి అంచు పట్టుకుని పోతుంటాడు. అతని కుడి అంచు అవతలివాళ్లకు ఎడమ అంచు. అంటే అందరికంటే వేగంగా పోయేవాళ్ల లేను. పాపం, అతను జాగ్రత్త పడేకొద్దీ మృత్యువుకు దగ్గరవుతాడు. ఎడమవైపు నడిపే మన దేశంలో ఈ బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. నిజంగా దారి తప్పినవాడు మన కుడి లేన్‌లో, ఓవర్‌టేక్ చేసే లేన్‌లో ఎదురవుతాడు.

అప్పుడు ఉండే గడువెంత? రెండు బండ్లూ గంటకు 100 కిలోమీటర్ల మీద ఉంటే నడిమి దూరం సెకనుకు 55 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. 300 మీటర్ల దూరంలో ఒకరికొకరు కనిపించారనుకుందాం. ఉన్నది అయిదున్నర సెకన్లు. ఆ దీపాలు డివైడరు అవతలివి కావు, నా రోడ్డు మీదివేనని నమ్మడానికే కొంత పోతుంది. డ్రైవరు చూసి, తేల్చుకుని, కాలు బ్రేకు మీదికి తేవడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో ఇచ్చే వ్యవధి రెండున్నర సెకన్లు. ఆ లెక్క ప్రకారం 100 మీద పోతున్న బండి ఆగడానికి 180 మీటర్లు కావాలి. ఇద్దరికీ కలిపి 360. ఉన్నది 300. (మాటవరసకి: సమానమైన రెండు కార్లు 100 మీద ఢీకొంటే గోడను 200తో గుద్దినట్టని చాలామంది అంటారు. అది తప్పు. ఒక్కో కారుకు తగిలే దెబ్బ గోడను 100తో గుద్దినంతే. గడువు మాత్రం 200 లెక్కనే కరిగిపోతుంది.)

కాబట్టి పైకి ఎక్కేశాక చేయగలిగింది తక్కువ. ఆపాలంటే ర్యాంపు మీదే, బండి ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే ఆపాలి.

అక్కడ మొదటి పని బోర్డుది. అమెరికా నియమాల ప్రకారం బోర్డు అడుగు అంచు ఊళ్లలో నేలకు 7 అడుగుల ఎత్తున, ఊరి బయట 5 అడుగుల ఎత్తున ఉండాలి. ఆగిన బండ్లు, నడిచే మనుషులు అడ్డు రాకుండా ఈ ఏర్పాటు. అయితే రాత్రిపూట డిమ్‌లో పెట్టిన హెడ్‌లైటు వెలుగు ఎక్కువగా నేల మీదికే దిగుతుంది. ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా దాన్ని అలా వంచారు. అంటే బోర్డు ఒక ఎత్తులో ఉంది, వెలుగు ఇంకో ఎత్తులో ఉంది. కాలిఫోర్నియావాళ్లు 'లోపలికి రావద్దు', 'తప్పు దారి' అనే రెండు ఎర్ర బోర్డులనూ ఒకే స్తంభానికి బిగించి, అడుగు అంచును నేలకు రెండడుగుల ఎత్తుకు దించారు. ర్యాంపుల దగ్గర కెమెరాలు అమర్చి, ఎదురు దిక్కున బండి వెళ్తే ఫొటో పడేలా చేసి లెక్కపెట్టారు. బాగా ఇబ్బందిపెట్టిన కొన్ని ర్యాంపుల దగ్గర నెలకు 50, 60 సార్లు జరుగుతున్న పొరపాటు 2 నుంచి 6 సార్లకు పడిపోయింది. దీనికి అయిన అదనపు ఖర్చు, స్తంభం పొట్టి చేసినంత.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. 2014లో టెక్సాస్ ఏ అండ్ ఎం రవాణా సంస్థ పరిశోధకులు తమ అధ్యయనం బయటపెట్టారు. వాళ్లు కొందరికి లెక్క ప్రకారం మద్యం తాగించి, రాకపోకలు లేని మైదానంలో బండి నడిపించారు. చూపు ఎటు పోతోందో పరికరాలతో కొలిచారు. మత్తు ఎక్కినకొద్దీ డ్రైవరు పక్కలకు చూడటం తగ్గించి, బానెట్ ముందున్న నేలనే చూస్తున్నాడు. బోర్డును పోల్చుకోవాలంటే బాగా దగ్గరికి రావలసి వస్తోంది. కొన్నిసార్లు దాని రంగే తప్పు చెబుతున్నాడు. ఇంతవరకు కాలిఫోర్నియా ఊహ నిజమే. కానీ బోర్డును దించితే తాగినవాడికి మేలు కలిగిందా అంటే, ఆ పరీక్షలో అలాంటిదేమీ తేలలేదు. బోర్డు పెద్దది చేయడం, స్తంభానికి కూడా మెరిసే ఎర్ర పట్టీ చుట్టడం, అంచుల్లో ఎర్ర ఎల్ఈడీలు మిణుకుమనేలా చేయడం, ఇవి అతని చూపును లాగాయి.

మరి ఎవరి మాట నమ్మాలి? ఇద్దరిదీ నమ్మవచ్చునని నేననుకుంటాను. ర్యాంపు మీద పొరబడేది తాగుబోతు ఒక్కడే కాదు. కొత్త ఊళ్లో దారి వెతుక్కునేవాడు, చీకట్లో చూపు ఆనని పెద్దాయన, నిన్నమొన్న హైదరాబాద్ నుంచి డాలస్‌లో దిగి ఇంకా ఎడమవైపే చెయ్యి లాగుతున్న మన కుర్రాడు, వీళ్లంతా ఉన్నారు. వీళ్లకు వెలుగులోకి దించిన బోర్డు చాలు. పూటుగా తాగినవాడికి వట్టి రేకు చాలదు.

నేలనే చూస్తున్నాడన్న సంగతి మాత్రం ఇంజనీర్లకు బాగా పనికొచ్చింది. అతని చూపు ఎక్కడ ఉంటే మాట అక్కడే రాయాలి. ఇక్కడే రోడ్డు స్టడ్డులు వస్తాయి. మనవాళ్లు క్యాట్ ఐ అంటారు. యార్క్‌షైర్‌వాడైన పెర్సీ షా 1934లో పేటెంటు తీసుకున్న ఈ చిన్న పరికరానికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు. మీ దీపం మీకే తిప్పి ఇస్తుంది.

ఇప్పటి చాలా స్టడ్డుల్లో అదెలా జరుగుతుందో తెలియాలంటే క్యారమ్ బోర్డు గుర్తు చేసుకోండి. స్ట్రయికరును ఏ ఏటవాలున వదిలినా సరే, మూలకు దగ్గరగా ఒక అంచును తాకి వెంటనే రెండో అంచును తాకిందంటే, వచ్చిన దారికి సమాంతరంగా మీవైపే తిరిగొస్తుంది. రెండు అంచులూ ఒకదానికొకటి లంబంగా ఉండటమే కిటుకు. బోర్డు బల్లపరుపు కాబట్టి రెండు అంచులు చాలు. వెలుగుకు మూడు కావాలి, గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు. ఆ మూల ఆకారంలో పోతపోసిన వందలాది చిన్న చిన్న గుంటలే సైకిల్ మడ్‌గార్డు మీది ఎర్ర బిళ్లలో ఉంటాయి. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద వదిలి వచ్చిన అద్దాల పలకలోనూ ఉన్నవి అవే. భూమి నుంచి లేజరు వదిలితే ఇప్పటికీ తిరిగొస్తుంది.

ఇలాంటి స్టడ్డుకు రెండు ముఖాలు ఉండవచ్చు. ఒక ముఖానికి తెలుపో పసుపో పెట్టి, వెనక ముఖానికి ఎరుపు పెడితే? సరైన దిక్కున పోయేవాడికి తెల్లటి చుక్కల దారి కనిపిస్తుంది. అదే రోడ్డు మీద ఎదురొచ్చేవాడికి, అతని హెడ్‌లైటు వెలుగుతోనే, రోడ్డు పొడవునా ఎర్ర చుక్కలు వెలుగుతాయి. ఒకరికి చెప్పిన మాట రెండోవాడికి వినబడదు. మేకుల్లో ఉన్న లోపం, అంటే తప్పు చేయనివాణ్ని కూడా భయపెట్టడం, ఇందులో లేదు. కాలిఫోర్నియా రవాణా శాఖ ఇలాంటి రెండు ముఖాల స్టడ్డులను శాన్ డియాగో ప్రాంతపు ర్యాంపుల మీద పరిచి చూసింది. ఎదురు దూరే బండ్లు సుమారు 44 శాతం తగ్గాయని 2020లో ప్రకటించింది. ఇంత చవకలో ఇంత ఫలితమిచ్చే పని రోడ్ల విద్యలో అరుదు.

రోడ్డు మీద వేసే తెల్ల రంగులోనూ కొంత ఇదే విద్య ఉంది. కరిగించి పోసే థర్మోప్లాస్టిక్ రంగు ఆరకముందే దాని మీద ఇసుక రేణువుల్లాంటి గాజు పూసలు చల్లుతారు. సగానికి పైగా రంగులో కూరుకున్న పూస, పైనుంచి వచ్చిన వెలుగును వంచి అడుగున ఉన్న రంగు మీదికి చేర్చి, అక్కణ్ణుంచి దీపం వైపే తిప్పి పంపుతుంది. పూసలు లేని గీత పగలు ఎంత తెల్లగా ఉన్నా రాత్రి చచ్చిపోతుంది. పూసలున్న గీత కూడా వానలో మాయమవుతుంది. పూసల మీద నీటి పొర పరుచుకుని వెలుగు ముందుకు జారిపోవడమే కారణం. వాన రాత్రి హైవే మీద "గీత ఏదిరా బాబూ" అని స్టీరింగు మీదికి వంగి చూసినవాళ్లకు ఇది అనుభవమే. స్టడ్డు నేలకంటే కాస్త పైకి లేచి ఉంటుంది కాబట్టి పల్చటి నీళ్లలోనూ బతుకుతుంది.

ఇక బాణం. అమెరికాలో ర్యాంపు మీద వేసే 'ఎదురు రావద్దు' బాణం ఏడు మీటర్లకు పైగా పొడవుంటుంది. పక్కన నిలబడి చూస్తే రబ్బరు పట్టి లాగినట్టు వికారంగా కనిపిస్తుంది. కారులో కూర్చున్నవాడి కన్ను నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. 30 మీటర్ల దూరం నుంచి అతను ఆ ఏడు మీటర్ల బాణాన్ని చూస్తే, అదే చోట నిటారుగా నిలబెట్టిన జానెడు బొమ్మ కనిపించినంతే కనిపిస్తుంది. నేలబారు చూపుకు పొడవంతా నలిగిపోతుంది. అందుకే రోడ్డు మీది అక్షరాలూ అంకెలూ అన్నీ సాగదీసి రాస్తారు. ఎదురొచ్చేవాడికి ఈ బాణం మొన నేరుగా తన గుండెకు గురిపెట్టి ఉంటుంది. చదవనక్కర్లేదు, భాష రానక్కర్లేదు. కొన్నిచోట్ల ఆ బాణం రూపాన్ని ఎర్ర స్టడ్డులతోనే కూర్చి, చీకట్లో నిప్పులు పేర్చినట్టు కనబడేలా చేస్తారు.

వద్దు, వద్దు అని మాత్రమే చెప్పడంలో ఒక చిక్కుంది. తప్పు ర్యాంపు ముందు తడబడేవాడికి కావలసింది 'ఇటు రాకు' కంటే 'అటు వెళ్లు' అన్న మాట. ఎక్కే ర్యాంపు, దిగే ర్యాంపు పక్కపక్కనే ఆనుకుని ఉండే కూడళ్లలో ఈ పొరపాటు ఎక్కువ. రెండు నోళ్లూ చీకట్లో ఒకేలా కనిపిస్తాయి. అందుకని కాలిఫోర్నియాలో దిగే ర్యాంపుకు ఎర్ర బోర్డులు ఎంత ముఖ్యమో, ఎక్కే ర్యాంపుకు 'ఫ్రీవే ప్రవేశం ఇదే' అనే పచ్చ బోర్డు అంతే ముఖ్యం. దాంతోపాటు కూడలి నడిమధ్యన చుక్కల గీత ఒకటి గీస్తారు. తిరిగే బండిని అది చిటికెన వేలు పట్టుకున్నట్టు దిగే ర్యాంపు నోరు దాటించి, ఎక్కే ర్యాంపులో వదిలిపెడుతుంది. ఈ గీత పేరు పేపర్లోకి ఎప్పుడూ ఎక్కదు. నా ఓటు దీనికే.

ఆస్ట్రియావాళ్లు ఇంకాస్త గట్టిగా చెబుతారు. కళ్లు చెదిరే పసుపు పలక మీద ఎత్తిన నల్లటి అరచేయి. జర్మన్ భాషలో ఎదురొచ్చే డ్రైవరుకు 'దయ్యం డ్రైవరు' అని పేరు. రేడియోలో పాటలు ఆపి మరీ ఫలానా దారిలో దయ్యం వస్తోందని హెచ్చరిస్తారు. మనలాగే ఎడమవైపు నడిపే జపాన్‌లో ఎక్స్‌ప్రెస్‌వేల మీద ఏటా ఇంచుమించు 200 సార్లు ఇలా జరుగుతుంది. అందులో సగానికి పైగా 65 దాటినవాళ్లు నడిపినవే. తాగుడు కాదు, వయసు. అక్కడ కూడళ్లలో నేల నిండా పెద్ద పెద్ద బాణాలు పరిచారు.

ఇప్పుడు మన సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్క. అందులో ఇంచుమించు 5 శాతం చావులు రాంగ్ సైడ్ నడపడం ఖాతాలో ఉన్నాయి. డివైడరు లేని రోడ్లూ ఇందులో కలిసి ఉన్నాయి కాబట్టి, దీన్ని అమెరికా 360 పక్కన పెట్టి పోల్చడం సబబు కాదు. అయినా అవి వేల ప్రాణాలు.

తేడా అంకెల్లో కంటే మనసులో ఉంది. 2023 జులై 11న ఢిల్లీ-మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే మీద రాంగ్ సైడ్ వచ్చిన బస్సు ఒక కారును గుద్దింది. ఒకే కుటుంబంలో ఆరుగురు పోయారు. ఆ బస్సు గ్యాస్ నింపుకుని, కిలోమీటర్ల కొద్దీ ఎదురు దారినే వచ్చిందని పోలీసులు చెప్పారు. అది దారి తెలియక వచ్చిన బస్సు కాదు. మన ఊళ్లలో రోజూ చూసే రాంగ్ రూట్ కూడా ఆ బాపతే. యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటుంది, వెళ్లాల్సిన పెట్రోలు బంకు ఇరవై గజాల్లో కనిపిస్తుంటుంది. నో ఎంట్రీ బోర్డును శుభ్రంగా చూసి, అర్థం చేసుకుని, మరీ వెళ్తాడు. అతను రోడ్డులో ఎక్కడ నడుపుతాడో గమనించండి. దారి తప్పినవాడిలా వేగం లేన్‌లో కాదు. ఎదుటివాళ్ల ఎడమ అంచున, పేవ్‌మెంటును రాసుకుంటూ, హెడ్‌లైటు కొట్టుకుంటూ వస్తాడు. తాను చేస్తున్నదేమిటో అతనికి బాగా తెలుసు. అతనికి ఎన్ని ఎర్ర చుక్కలు పరిచినా దండగ.

బోర్డు పొరబడినవాడితో మాట్లాడగలదు గానీ తెగించినవాడితో కాదు. తెగించినవాడి లెక్కను మార్చాలంటే యూటర్న్‌ను దగ్గరికి తేవాలి. సర్వీసు రోడ్డు లేనిచోట వేయాలి. మలుపు మూలను ఒంపుగా కట్టి, ఎదురు తిరగడానికి బండికి చోటే లేకుండా చేయాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ఎదురు దారిన నడపడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వస్తుంది. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టంలో కొరత లేదు.

అలాగని మన బోర్డులకు పని లేదనుకోకూడదు. వన్‌వే ఫ్లైఓవర్ నోటి దగ్గర, పనులు జరుగుతూ దారి మళ్లించిన హైవే మీద, అర్ధరాత్రి నిజంగానే తికమకపడే డ్రైవర్లు మనకూ ఉన్నారు. వాళ్లకోసం పెట్టిన నో ఎంట్రీ బోర్డు వేపకొమ్మ వెనకో, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వెనకో దాక్కుని ఉంటుంది. గుండ్రటి ఎర్ర పలక మీద తెల్ల అడ్డపట్టీ అన్న ఆ గుర్తును 1931లో జెనీవాలో పలు దేశాలు కూర్చుని ఒప్పుకున్నాయి. దానికి ఫ్లెక్సీ కట్టే హక్కు ఏ అభిమాన సంఘానికీ లేదు.

చివరగా, రాత్రి బండి నడిపేవాళ్లకు ఒక మాట. డివైడరు ఉన్న పెద్ద రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసే పని లేనప్పుడు కుడి లేన్ వదిలి ఎడమకు రండి. ఎప్పుడైనా బోర్డులన్నీ మీకు వీపు తిప్పి ఉత్త రేకు చూపిస్తున్నా, ముందు ఎర్ర చుక్కలు వరసగా మెరుస్తున్నా, తప్పు దారిలో ఉన్నది మీరే. వెంటనే వేగం తగ్గించి దగ్గరి అంచుకు చేర్చి ఆపండి. హజార్డ్ లైట్లు వేసి, రెయిలింగు అవతలికి వెళ్లి, జాతీయ రహదారైతే 1033కి, ఎక్కడైనా సరే 112కి ఫోన్ చేయండి. రోడ్డు మధ్యలో బండి వెనక్కి తిప్పే పని మాత్రం పెట్టుకోకండి.